చిరగని మిరపకాయ

నేను జూనియర్‌గా పనిచేసిన పశువుల డాక్టరుగారు ఖాళీ దొరికితే చాలు, చెప్పుల పెట్టె ముందు కూర్చునేవారు. పెట్టెలో ఓ ఎండుమిరపకాయ, చిన్న కెమెరా ఉండేవి. రెండు చిల్లుల్లోంచి పొడవాటి పరికరాలు దూర్చి, తెరమీద చూస్తూ, తొడిమ తీసిన చోటునుంచి గింజలు లాగేవారు. కాయ చిరగకూడదు. కుక్కలకు చిన్న గాట్లతో, తక్కువ నొప్పితో ఆపరేషన్ చెయ్యడం ఆయన అలాగే నేర్చుకున్నారు.

ఓ రోజు చిలకలూరిపేట రైతు ఒకాయన తన ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి తెచ్చాడు.

"మా బావ కుక్కకి రెండు చిల్లులే పెట్టారంటగా. లోపల తీశారో లేదో ఎవడికి తెలుసండీ? మాకు మాత్రం పెద్దగా కొయ్యండి!"

"సరేనండి" అన్నారు డాక్టరుగారు. ఎవరేమన్నా ఆయనది ఆ ఒక్కమాటే. నాకు ఒళ్ళు మండిపోయింది. తెరమీద చూపించి నమ్మించొచ్చుగా! బెత్తెడు కోసి కుట్టారు.

సాయంత్రానికి మళ్ళీ పెట్టె ముందున్నారు.

"ఇంకా ఎందుకు సార్ ఇది?" కసిగా అడిగాను.

"చెయ్యి మర్చిపోతుందమ్మా."

గింజలన్నీ తీసి కాయను నా అరచేతిలో పెట్టారు. ఎక్కడా చిరగలేదు. పక్కగదిలో కుక్క మూలుగుతూనే ఉంది.