మొదటి ముద్ద నేను తిన్న రోజులు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పడానికి ఇన్నాళ్లూ నాకు ధైర్యం చాలలేదు, ఎందుకంటే నేను పుట్టుకతోనే అనుమానపు మనిషిని, ఎవరైనా నవ్వితే నన్ను చూసే నవ్వారనుకుంటాను, ఎవరైనా ఊరుకుంటే నా దగ్గరే ఏదో దాస్తున్నారనుకుంటాను, అలాంటి దాన్ని కూడా నా దేవుడు విడిచిపెట్టలేదు గనుక ఈరోజు నోరు విప్పుతున్నాను, ఆయన నామానికే స్తోత్రం!

మా ఆయన ప్రసాదుగారు మీ అందరికీ తెలుసు, అదిగో, ఆ కిటికీ పక్కన తల వంచుకుని కూర్చున్నారు, ఆయన సరేనన్నాకే నేను లేచాను. అనకాపల్లిలో హైవే మీద లారీలు బాగుచేసే షెడ్డులో ఆయనకు పని. పెళ్లయిన కొత్తలో ఆయన చొక్కా ఉతకబోతే డీజిలు, గ్రీజు వాసనల వెనకాల ఇంకో వాసన తగిలేది, పచ్చి గడ్డి కాల్చినట్టు ఉండేది. పైగా ఏలకులు నములుతూ ఇంటికి వచ్చేవారు. లారీల కింద పడుకుని పనిచేసే మగవాడికి ఏలకులతో ఏం పని అని నేను చొక్కా జేబులు తిరగేశాను, గంజాయి పొట్లం దొరికింది.

అడిగితే ఆయనది ఒకటే మాట. సారా అయితే అలవాటవుతుంది, ఇది ఉత్త ఆకు, దీనికి బానిసైనవాడు లోకంలో లేడు, కావాలంటే రేపే మానేస్తాను అనేవారు. షెడ్డులో అందరిదీ అదే మాటట. నేనూ సగం నమ్మాను, ఎందుకంటే ఆయన తాగొచ్చి నన్ను కొట్టింది లేదు, వీధిలో పడిపోయింది లేదు, ఇంకో గరిటె అన్నం వేయించుకుని తిని పడుకునేవారు, మా అత్తగారు కూడా ఆడు సారా ముట్టడు, అది సాలదా నీకు అనేది. కానీ సహోదరులారా, ప్రతి ఏడూ ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల్లో మానేస్తానని తీర్మానం చేసుకునేవారు, మట్టల ఆదివారం రాకముందే ఆ వాసన మళ్లీ వచ్చేది. అలవాటే కానిదాన్ని మానడానికి ఇంత అవస్థ ఏమిటని నా అనుమానం.

రాను రాను సాయంత్రం తాగేది కాస్తా పొద్దున్న ముఖం కడుక్కోకముందే మొదలైంది. చెప్పిన మాట చెప్పిన చోటే మరిచిపోయేవారు. ఒకరోజు ఇసుక లారీకి చక్రం ఎక్కించి, నట్లు బిగించకుండానే పంపేశారు, పాయకరావుపేట దాటకముందే ఆ చక్రం ఊడి పొలంలోకి దొర్లిపోయింది. దేవుని కృప వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఆదివారమే ఆయన బల్ల ముందుకు వచ్చి మోకరించడం, జేబులో పొట్లం తీసి పాస్టరుగారి చేతిలో పెట్టడం, మీరందరూ చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పడం మీకు జ్ఞాపకం ఉంది కదా. అంతటితో అయిపోయిందనుకున్నాం.

అయిపోలేదు! అసలు కష్టం అక్కడే మొదలైంది. ఆయనకు నిద్ర పోయింది, పట్టిన కాస్త నిద్రలోనూ ఏవేవో కలలు, లేచేసరికి పక్కబట్టలు చెమటతో తడిసిపోయేవి. గ్లాసు కింద పెట్టిన చప్పుడుకే కోపం వచ్చేది, ఏమీ తోచక వీధిలోకీ ఇంట్లోకీ తిరిగేవారు. అన్నిటికన్నా అన్యాయం, తిండి పోయింది. ఇంకో గరిటె అడిగే మనిషి కంచం చూస్తేనే ముఖం తిప్పుకునేవారు. మానేసినవాడు బాగుపడాలి గానీ చిక్కిపోతాడా, ఈయన ఇంకేదో మొదలుపెట్టారని నేను మళ్లీ జేబులు తిరగేయడం మొదలుపెట్టాను. సంఘంలో కొందరు ఆ ప్రార్థన ఫలించలేదేమో అని గుసగుసలాడారు, ఎవరన్నారో నాకు తెలుసు, ఇప్పుడు చెప్పను.

మా అత్తగారి అనుమానం వేరే దారి పట్టింది. మగడు చెప్పుచేతల్లో ఉండాలని కొందరు ఆడవాళ్లు కూట్లో మందు పెడతారని మనవైపు ఒక నమ్మకం ఉంది, మనం రక్షణ పొందినా అది మన ఇళ్లలోంచి పూర్తిగా పోలేదు, నేనే సాక్ష్యం. మందు తిన్నవాడికి తిండి సహించదట, చిక్కిపోతాడట, పెళ్లాం మాట వింటాడట. మా ఆయనలో అవన్నీ కనిపించాయి ఆమెకు. ఒకరోజు నా ముఖం మీదే అనేసింది.

"గంజాయి మానితే ఎవుడూ ఇలాగ అవడు. ఆడి కూట్లో నువ్వే ఏటో కలిపేవు."

అత్తగారు అన్నందుకు కాదు నా బాధ. మా ఆయన ఆ మాట విన్నారు, కాదనలేదు. మర్నాడు కంచం ముందు పెడితే నా వైపు అదోలా చూసి, కూర మట్టిలా ఉంది అని, తర్వాత నెమ్మదిగా ఒక మాట అన్నారు.

"ముందు నువ్వు తిను. అప్పుడు నేను తింతాను."

సహోదరీలారా, కట్టుకున్నవాడి కంచంలో మొదటి ముద్ద నేను తిని, విషం లేదని చూపించాలి! పూటపూటా తిన్నాను. మా అత్తగారు గడపలో కూర్చుని నేను మింగానో లేదో చూసేది. అనుమానం పెనుభూతం అంటారు, ఆ భూతానికి మా ఇంట్లో మూడు పీటలు వేసి కూర్చోబెట్టాం. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే పుట్టింటికి పోదామని బట్టలు కూడా సర్దుకున్నాను.

అంతలో మా అత్తగారి సంచిలో నిమ్మకాయలు, కొత్త తువ్వాలు కనిపించాయి, ఆరా తీస్తే సంగతి బయటపడింది. తుని అవతల మందు కక్కించేవాడు ఉన్నాడని, చుట్టాల పెళ్లికని చెప్పి కొడుకుని తీసుకెళ్లి, పసరు పోయించాలని మా అత్తగారి ఏర్పాటు. తిండి లేక కూర్చోలేని మనిషికి పసరు పోసి కక్కిస్తే బతుకుతాడా? నేను వంటగదిలో గోడకు తల ఆనించి ఏడ్చాను. "ప్రభువా, ఈయన నన్ను నమ్మడం లేదు, నేను ఈయన్ని నమ్మడం లేదు, నిజం చెప్పాలంటే నిన్ను కూడా నమ్ముతున్నానో లేదో నాకు తెలియదు, మమ్మల్ని ఎవరు విడిపిస్తారు తండ్రీ" అని అడిగాను. లేచి తిన్నగా పాస్టరుగారి ఇంటికి నడిచాను.

ఆయన వచ్చి మా అత్తగారిని ఒక్క మాట కూడా అనలేదు. మా ఆయన పక్కన కూర్చుని ఒంట్లో ఎలా ఉందో అంతా చెప్పించుకుని, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరుగారు విని, ఇది ఎవరో పెట్టింది కాదన్నారు. గంజాయి అందరినీ పట్టుకోదు గానీ, ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లలో చాలామందిని పట్టుకుంటుంది, మానినప్పుడు ఒళ్లు దాన్ని అడుగుతుంది, నిద్రా ఆకలీ పోతాయి, కోపం వస్తుంది, మొదటి వారం మరీ కష్టం, తర్వాత మెల్లగా తగ్గుతుంది, కలలు మాత్రం ఇంకొన్నాళ్లు ఉంటాయి, ఒంటరిగా ఉంచకండి, మనసు మరీ కుంగితే వెంటనే రండి అన్నారు. మా అత్తగారు ఇదంతా డాక్టరుకి నేనే నేర్పించి చెప్పించానంది! నాకేమో, ప్రార్థన చేశాక కూడా ఒళ్లు ఎందుకు అడగాలని పాస్టరుగారి మీదే అనుమానం వచ్చింది. ఆయన నవ్వి, ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి విడుదల పొందాకే కదమ్మా అక్కడి ఉల్లిపాయల కోసం ఏడ్చింది, ఏడ్చినంత మాత్రాన విడుదల అబద్ధమా అన్నారు. ఆ మాట నా గుండెకు తగిలింది. నిమ్మకాయల సంచి మా అత్తగారి చేతిలోంచి తీసుకుని, అమ్మా, ఈ నెల గడవనీ, అప్పటికీ ఇలాగే ఉంటే నేనే తీసుకెళతాను అని కూడా అన్నారు. ఆ మాటకి ఆమె ఒప్పుకుంది.

ఆ నెల గడవలేదు. మళ్లీ పనిలోకి వెళ్లడం మొదలుపెట్టిన మా ఆయన ఒక మధ్యాహ్నం షెడ్డు నుంచి వచ్చారు. మా అత్తగారు కొండకర్ల ఆవ చెరువు నుంచి కొర్రమీను తెచ్చింది, నేను పులుసు పెట్టాను. కంచం ముందు పెట్టి, అలవాటు ప్రకారం మొదటి ముద్దకి చెయ్యి చాపాను. ఆయన కంచం తనవైపు లాక్కున్నారు.

"నువ్వు తినకు. ఆకలేత్తంది, నాకే సాలదు."

దేవునికే మహిమ! నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆయన తలెత్తకుండా తింటున్నారు. మా అత్తగారు గడపలోంచి లేచి వచ్చి, ఇంకో కంచం కడిగి, అన్నం పెట్టి, చేప ముక్క వేసి నా ముందు పెట్టింది. నేను ఆమె ముఖం వైపు చూడకుండానే తిన్నాను.

దేవుడు నా ముక్కు తీసేయలేదు, నేను ఇప్పటికీ అనుమానపు మనిషినే. కొన్ని లారీలు వచ్చినప్పుడు ఆ వాసనకి మనసు లాగుతుందని మా ఆయనే చెబుతారు, చెప్పి ఇంటికి వచ్చేస్తారు, చెప్పడమే నాకు చాలు. ఇక్కడ వెనక వరసలో కూర్చున్న తమ్ముళ్లారా, ఇది అలవాటు కాదని మీకూ ఎవరో చెప్పే ఉంటారు. మానేసి చూడండి, ఒళ్లు అడిగితే భయపడకండి, ఇంట్లోవాళ్లని అనుమానించకండి, ప్రార్థన చేయించుకోండి, డాక్టరుకీ చూపించుకోండి. తిండి సహించకపోతే మా ఇంటికి రండి, మా ఆయన పక్కన కూర్చోండి, నేను వండి పెడతాను. మా ఆయనకు ఆకలి తిరిగిచ్చిన దేవుడు మీకూ ఇస్తాడు, ఆయన్ని నమ్మండి. ఆమేన్.