రెండో వరుసకి రెండు చెంచాలు

ఆ ప్రయోగశాలలో ఎలుకలను చూసుకునే ఆవిడని అందరూ పెద్దమ్మ అంటారు. పన్నెండేళ్ల ఉద్యోగం. పంజరాలు కడగడం, రంపపు పొట్టు మార్చడం, ఒక్కోదాన్నీ తోక పట్టుకుని త్రాసులో వేసి బరువు రాయడం ఆవిడ పని. "ఏమ్మా, తిన్నావా?" అని అడగనిదే ఏ ఎలుకనీ దింపదు.

ఈ ఏడు ఆవిడ ఇంటినిండా ఉల్లిపాయలే. పరిశోధన చేస్తున్న అమ్మాయికి కావలసింది ఉల్లిపొట్టు. సీసం ఒంట్లో చేరితే మూత్రపిండాలు పాడవుతాయి కదా, పొట్టులో ఉన్న పదార్థం వాటిని కాపాడుతుందేమో ఆమె తేల్చాలి. ఒలిచిన పాయలన్నీ పెద్దమ్మ సంచిలోకే. "రేపు మంచినీళ్లలో కూడా ఉల్లిపాయ తరిగి ఇస్తావా ఏంటే?" అని మొగుడు మొత్తుకున్నాడు.

పంజరాలు మూడు వరుసలు, వరుసకి పన్నెండు ఎలుకలు. మొదటి వరుసకి మామూలు నీళ్లు, రెండోదానికి సీసం కలిపిన నీళ్లు. మూడోదానికి సీసం నీళ్లలోనే సీసాకి ఐదు చెంచాల పొట్టు కషాయం. రెండో వరుస నీరసించి, మూడోది చలాకీగా ఉంటేనే అమ్మాయి రెండేళ్ల కష్టం గట్టెక్కినట్టు.

ఎనిమిది వారాలకి రక్తపరీక్షల కాగితాలొచ్చాయి. అవి చూసి అమ్మాయి బల్లమీద తల వాల్చి ఏడుపు లంకించుకుంది.

"ఏమైందమ్మా? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు పెద్దమ్మా, అదే గొడవ! రెండో వరుస కూడా గుండ్రాయిలా ఉంది."

"సంతోషించాల్సింది పోయి ఏడుస్తావేంటి, విడ్డూరం కాకపోతే!"

"కషాయం లేకుండానే బాగున్నాయంటే, నా కషాయం దేనికీ పనికిరాదని! సారు ఆపేయమంటారు."

పెద్దమ్మ చీపురు అందుకుంది. చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల కష్టం మట్టికొట్టుకుపోతుంది. రెండు నిమిషాలు ఊడ్చిన చోటే ఊడ్చి, చివరికి కక్కేసింది.

"గిన్నె అడుగున రోజూ కాస్త కషాయం మిగిలేది. పారబోయడానికి మనసొప్పలేదు. రెండో వరుసవేమో బిక్కమొహాలేసుకుని చూస్తుండేవి. సీసాకి రెండు చెంచాలు పోసేదాన్నమ్మా."

అమ్మాయి చటుక్కున తలెత్తింది. "రెండే?"

"నీ మీదొట్టు. రెండున్నర కూడా కాదు."

"సగం కూడా లేదు! అయినా పనిచేసిందన్నమాట!" అమ్మాయి పెద్దమ్మ రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేసింది. బకెట్టు దొర్లింది, నీళ్లు గదంతా పారాయి, ఇద్దరూ జారి కూలబడి, పొట్ట చేత్తో పట్టుకుని పగలబడి నవ్వారు.

సారు వచ్చి విషయమంతా విన్నాడు. తిట్టాల్సిందంతా తిట్టి, ఉద్యోగం జోలికి మాత్రం పోలేదు. "ఇది రుజువు కాదు, మొదట్నుంచీ మళ్లీ చెయ్యండి. ఈసారి రెండో వరుసకి చుక్క కషాయం పడకూడదు" అన్నాడు.

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. "మళ్లీ పన్నెండిటికీ ఉత్త విషమేనా? నాలుగు చాలవూ?"

"నాలుగైతే ఎవరూ నమ్మరు పెద్దమ్మా."

"పోనీ ఐదు. ఆరు చేసుకో, పో!" ఆకుకూరల బండి దగ్గర కూడా ఆవిడ అంత గట్టిగా బేరమాడి ఉండదు.

అమ్మాయి కాగితం ముందేసుకుని లెక్క కట్టింది, కొట్టేసింది, మళ్లీ కట్టింది. "ఎనిమిది. ఇంతకన్నా ఒక్కటి కూడా తగ్గదు."

"సరే, ఎనిమిది" అంది పెద్దమ్మ. కొత్త ఎలుకల పంజరం తెచ్చి బల్లమీద పెట్టింది. "ఏ ఎనిమిదో నువ్వే తీసుకో తల్లీ, నా వల్ల కాదు" అని గోడవైపు తిరిగి నిలబడింది.