మూయడం రాని మనిషి

మా ఇంటి ఓనరు సత్తిబాబు గారికి తెరవడం వచ్చు, మూయడం రాదు.

ఓటరు కార్డులో ఆయన పేరు వీరవెంకటసత్యనారాయణ. యానాంలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నేను కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పే ఉద్యోగం మీద రామచంద్రపురం నుంచి యానాం వచ్చి వాళ్ళ మేడమీద వాటాలో దిగాను. దిగిన రోజే గేటు వేసి మెట్లెక్కుతుంటే వెనక నుంచి కేక వినిపించింది.

"అమ్మాయ్ శిరీషా! గేటెవరేశారు?"

"నేనేనండి బాబాయిగారూ."

"ఎందుకేశావు?"

గేటు ఎందుకు వేస్తారని అడిగిన మనిషిని నేను అంతవరకు చూడలేదు. "మేకలొస్తాయనండి" అన్నాను.

"వస్తే రానియ్. వాటికి మాత్రం ఎవరున్నారు?"

వచ్చాయి. ఆయన భార్య సత్యవతమ్మ గారి మందార మొక్కను మొదలంటా మేసి, వరండాలో కాసేపు నడుం వాల్చి, తీరిగ్గా వెళ్ళాయి.

ఆ ఇంట్లో ఆవకాయ జాడీకి మూత ఉండదు, పెన్నుకు టోపీ ఉండదు. వానలో వేసుకొచ్చిన గొడుగు ఎండలు ముదిరేదాకా హాలు మధ్య తెరిచే ఉంటుంది. వచ్చిన చుట్టాలు దానికి ప్రదక్షిణ చేసి కూర్చోవాలి. గోదావరి గాలికి తలుపులు పడిపోతాయని ప్రతి తలుపుకూ ఓ ఇటుక అడ్డం పెట్టారు. ఆ ఇటుకలకు కాలివేళ్ళు సమర్పించుకోని వాళ్ళు మా వీధిలో లేరు. ఇక నోటి సంగతి సత్యవతమ్మ పిన్నిగారే చెప్పాలి.

"పెళ్ళిలో మంత్రాలకని నోరు తెరిచేరమ్మా. ఇంతవరకూ మూయలేదు" అంటారావిడ.

నేనేమో మూసే మనిషిని. గ్యాసు కట్టేశానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వచ్చే రకం. మా ఇద్దరినీ ఒకే ఇంట్లో పైనా కిందా పెట్టి దేవుడు వినోదం చూస్తున్నాడు.

ఒక ఆదివారం కింద నుంచి పిలుపొచ్చింది. "అమ్మాయ్, మా కంప్యూటరు మెమరీ లేదంటోంది. ఓసారి చూడు."

అది వాళ్ళమ్మాయి చదువుకునే రోజుల్లో కొన్న కంప్యూటరు. తెర నిండా తెరిచిన కిటికీలు, వాటి మీద మరిన్ని కిటికీలు. పంచాంగం, వాతావరణం, గోదావరి నీటిమట్టం, చదరంగం, ఎప్పుడో అయిపోయిన క్రికెట్ మ్యాచి స్కోరు, ఒకే భజన పాట మూడు చోట్ల. ఓ మూల చిన్న కిటికీలో సీలింగు ఫ్యాను బొమ్మ. వీటన్నిటి నెత్తిన ఓ మెసేజి: మెమరీ చాలడం లేదు, కొన్ని ప్రోగ్రాములు మూసేయండి.

"చూశావా? నా ఇంట్లో కూర్చుని నన్నే మూయమంటోంది!" అన్నారు.

వైద్యం అప్పటికే చాలా జరిగింది. పెన్‌డ్రైవు గుచ్చారు. టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టారు. ఉన్న ఫొటోలన్నీ చెరిపేశారు.

"మా షష్టిపూర్తి ఫొటోలు కూడా తుడిచిపెట్టేశారమ్మా. అయినా దానికి చోటు చాల్లేదంట" అన్నారు పిన్నిగారు.

"బాబాయిగారూ, ఫొటోలుండేది బీరువాలోనండి. ఇది అడుగుతున్నది బల్లమీద చోటు. బీరువా ఖాళీ చేస్తే బల్ల ఖాళీ అవుతుందా? బల్లమీద పరిచినవి తీయాలి."

"అయితే పెద్ద బల్ల వేయించు."

"అలాగే వేయిద్దాం. అందాకా వీటిని మూయండి. ఇదిగో, ఈ మూలనున్న ఇంటూ గుర్తు నొక్కడమే."

"సర్వీసంతా పిల్లల కాయితాల మీద ఇంటూలు పెట్టి పెట్టి పాపం మూటగట్టుకున్నానమ్మా. రిటైరయ్యేకా కూడానా?"

పట్టుబట్టి నేర్పాను. ఆయన బాణాన్ని తెరంతా ఊరేగించి, ఇంటూ దాకా తెచ్చి, ఇంకో కిటికీ తెరిచారు. ఇంతలో కంప్యూటరు ఖళ్ళుఖళ్ళున దగ్గింది.

"ఇది దగ్గుతోందేమిటండీ?"

"ముసల్ది కదా."

"కంప్యూటర్లు దగ్గవండి."

"ఈ నదిగాలి పడకపోతే ఏదైనా దగ్గుద్ది" అన్నారాయన. పిన్నిగారు కాఫీ తాగుదువు గాని రమ్మని నన్ను వంటింట్లోకి లాక్కుపోయారు.

తిరిగొచ్చి, "పోనీ ఈ ఫ్యాను బొమ్మ ఒక్కటీ తీసేస్తాను" అన్నాను.

"దాన్ని ముట్టుకోకు!"

"ఎందుకండీ?"

"ఫ్యాను బాగుంది."

ప్రతి ఆదివారం ఇదే పాఠం. కాలేజీలో ఎంతటి మొద్దుకైనా కంప్యూటరు నేర్పుతానని నాకు పేరు. ఆ పేరు ఈ ఒక్క ఇంటూ గుర్తు దగ్గర మట్టికొట్టుకుపోయింది. చివరికి ఓ సెలవు రోజు మధ్యాహ్నం నాకు విసుగొచ్చేసింది.

"బాబాయిగారూ, ఇవాళ దీన్ని మొత్తం ఆపేసి మళ్ళీ మొదలుపెడుతున్నాను. అంతే."

చెయ్యి బటన్ దాకా వెళ్ళింది. అప్పుడు కంప్యూటర్లోంచి స్టీలు గ్లాసు పడ్డ చప్పుడు, ఆ వెనకే ఓ ఆడగొంతు.

"మేస్టారండీ... పడిపోయేనండీ..."

మెమరీ చాలడం లేదన్న మెసేజి దభాలున వచ్చి కూర్చుంది. గొంతు ఆగిపోయింది.

బాబాయిగారు నన్ను కుర్చీతో సహా పక్కకు నెట్టేశారు. మౌసు ముట్టుకోలేదు. కీబోర్డు మీద రెండు మీటలు పట్టుకుని టకటకా నొక్కారు. పంచాంగం పోయింది. నీటిమట్టం పోయింది. చదరంగం, క్రికెట్, మూడు భజనలూ పోయాయి. క్లాసులో పిల్లలకు చూపించేటప్పుడు నేను కూడా అంత చురుగ్గా మూయను. ఫ్యాను బొమ్మ ఒక్కటే మిగిలింది, చోటు దొరికేసరికి అది మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

బొమ్మ కాదు, ఎవరింట్లోదో నిజం ఫ్యాను! అది వీడియో కాల్ అని నాకప్పుడు వెలిగింది.

ఆయన తన ఫోను నా చేతిలో పెట్టి, "వాళ్ళబ్బాయి లూయిస్‌కి చెప్పు. అమ్మ పడింది, ఇంటికెళ్ళమను" అని గుసగుసగా అన్నారు. తర్వాత మైకు తెరిచి, ఒక్కసారిగా గొంతు మార్చేశారు.

"ఆరోగ్యమ్మా! ఈ కంప్యూటరు మళ్ళీ మొరాయిస్తోందే. నువ్వు మాట్టాడకపోతే ఆగిపోద్ది. ఏదోటి చెప్పు."

"నేను కాలు మడతపడి కిందుంటే, మీ కంప్యూటరు గోలేంటండీ!"

"మరి నాకు తెలీదు కదే."

"ఏం తెలుసండీ మీకు? పదోతరగతి పిల్లలకి జామకాయ గియ్యమని చెప్పి మీరు గుమ్మడికాయ గీసేరు..."

ఆవిడ తిడుతూనే ఉంది. ఆయన "ఆ, ఆ" అంటూనే ఉన్నారు. గొంతు నవ్వుతోంది, చేతులు మాత్రం మౌసు తీగను మెలిపెడుతున్నాయి. వరండాలోంచి లూయిస్‌కి చెప్పి వచ్చి ఆ చేతులు చూశాక నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాసేపటికి ఫ్యాను కింద లూయిస్ తల కనిపించింది.

"ఏం ఇరగలేదండి మేస్టారూ. బెణికిందంతే."

బాబాయిగారు మైకు ఆపి, కుర్చీలో కూలబడి, మంచినీళ్ళడిగారు.

వంటింట్లో పిన్నిగారు అసలు సంగతి చెప్పారు. ఆరోగ్యమ్మ వాళ్ళ స్కూల్లో ఆయాగా చేసింది. ఇప్పుడు కాళ్ళు పట్టుతప్పాయి. కొడుకు ఆటో తీసుకుని వెళ్ళిపోతే పగలంతా ఊరవతల కనకాలపేటలో ఒక్కతే. తోడుగా పెట్టిన మనిషిని, "నేనేమైనా పసిపిల్లనా?" అంటూ చేతికర్రతో గుమ్మం దాకా తరిమింది.

"అప్పుడు ఈయన ఫోన్ చేసేరమ్మా. 'ఆరోగ్యమ్మా, నాకు కంప్యూటర్లో ఈ వీడియో కాల్ కట్టేయడం రాటం లేదు, నువ్వూ కట్టేయకు, పాడైపోద్దేమో' అన్నారు. అయ్యో పాపమని ఉండనిచ్చింది. లూయిస్ పొద్దున్నే ఫోను బల్లమీద ఎల్లకిలా పెట్టి ఎళ్తాడు, సాయంత్రం వచ్చి తీస్తాడు."

నేను పాఠం చెప్పడానికి వచ్చినప్పుడల్లా మా మాటలు అటు వినపడకుండా ఈయన మైకు ఆపేసేవారట. అదీ మూయడమే కదా! నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది.

"మరి ఆ పంచాంగాలూ చదరంగాలూ ఎందుకండీ?" అన్నాను.

గుమ్మంలోకి వచ్చిన బాబాయిగారే జవాబు చెప్పారు. "ఒక్కటే తెరిచుంచితే కాపలా అంటారమ్మా. అన్నీ తెరిచుంచితే అలవాటంటారు."

"మరి గేటు? ఆవకాయ జాడీ?"

"అవి నిజంగానే రావు" అన్నారు పిన్నిగారు.

ఆ వారమే కాకినాడ వెళ్ళి, ఆ పాత కంప్యూటరుకు సరిపోయే మెమరీ ముక్క వెతికి తెచ్చి బిగించాను. బాబాయిగారికి పెద్ద బల్ల వచ్చింది. పంచాంగం, చదరంగం, భజనలు మళ్ళీ కొలువుదీరినా మెసేజి రాలేదు. మూల కిటికీలో ఫ్యాను నిక్షేపంగా తిరుగుతోంది.

ఈసారి మైకు తెరిచే ఉంది. ఫ్యాను కింద నుంచి పలకరింపు వచ్చింది.

"కంప్యూటరు మేడం గారాండీ? మా మేస్టారికి మూయటం వచ్చిందాండీ?"

బాబాయిగారు గబుక్కున నాకేసి తిరిగారు. పిన్నిగారు కాఫీ గ్లాసుతో అక్కడే ఆగిపోయారు. నేను నా ఉద్యోగాన్నీ, కాలేజీలో నాకున్న పేరునూ ఓసారి తలుచుకున్నాను.

"రాలేదండి ఆరోగ్యమ్మ గారూ. ఎంత చెప్పినా బుర్రకెక్కడం లేదు."

"పోన్లెండి, మీరేం బెంగెట్టుకోకండి. కొందరికి సదువబ్బదు. పగలంతా ఆయన్ని నేను కనిపెట్టుకుని ఉంటాను గదా!"

బాబాయిగారు పరీక్ష తప్పిన కుర్రాడిలా తల దించుకుని, లోపల్లోపల నవ్వుకున్నారు. నేను బయటికి వచ్చి గేటు మీద చెయ్యి వేసి, కాసేపు ఆలోచించి, తెరిచే వదిలేశాను. మర్నాటికి పిన్నిగారు నాటిన కొత్త మందార మొక్క కూడా లేదు.