పేరు లేని వ్యాగన్

మా అక్కను నేను అప్ప అని పిలిచేవాళ్ళం కాబట్టి అలాగే రాస్తాను. అప్ప పోయాక జరిగిన స్మరణ కూటంలో ఆమెను ఓర్పుకు మారుపేరన్నారు, కరిగిపోయిన కొవ్వొత్తి అన్నారు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. చనిపోయినవాళ్ళ మీద ఇలాంటి మాటలు కప్పితే కింద ఉన్న మనిషి కనబడదు. అందుకే ఆమె తన అత్తగారి అరవయ్యో పుట్టినరోజుకు చేసిన కేకు గురించి రాస్తున్నాను.

అప్ప అత్తవారిది బస్తర్ అడవుల్లోని కిరండూల్లో రైల్వే క్వార్టరు. మామగారు గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆయన సర్వీసంతా బైలదిలా కొండ నుంచి విశాఖపట్నం రేవుకు ఇనుప ఖనిజం దింపే బండ్ల వెనకే గడిచింది. కొడుకులిద్దరూ అదే లైనులో ఉద్యోగాలు చేసేవారు. ఆ బండి మీదే తమ ఇల్లు బతికిందనీ, కేకు కూడా అలాగే ఉండాలనీ అత్తగారు చెప్పింది. మూడంతస్తులు. పైన తవ్విన కొండ, మధ్యలో అడవి, కింద సముద్రం, దానిలో ఓడ. కొండ చుట్టూ తిరుగుతూ దిగే బండిలో ఒక్కో వ్యాగన్ మీద ఒక్కో మనవడి పేరో, మనవరాలి పేరో ఉండాలి. ఏ శుభకార్యానికైనా పాస్టరుగారు మనవలను పేరుపేరునా పిలిచి ప్రార్థన చేయడం ఆ ఇంటి పద్ధతి. ఈసారి కేకు మీది పేర్లే చదువుతారు. తర్వాత ఎవరి వ్యాగన్ వాళ్ళు తింటారు.

ఆ పేర్లన్నీ పెద్దకోడలి పిల్లలవీ, ఆడపడుచు పిల్లలవీ. అప్పకు అంతకుముందు ఏడాది ఆడపిల్ల పుట్టి, ఒక పగలు బతికి, పేరు పెట్టకముందే పోయింది. తన పిల్లకు కూడా ఒక వ్యాగన్ పెట్టనా అని అప్ప అడిగింది. ఆమె అడగడం నేను విన్నాను. కేకు పనిలో సాయానికి జగదల్‌పూర్ నుంచి ఆ పొద్దున్నే దిగాను.

"పేరే నేదు, ఏటని రాస్తావే?" అంది అత్తగారు. "సచ్చిపోయినదాన్ని పండగలోకి తేకు."

తోడికోడలు బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "కింద ఓడుంది కదా, దాన్లో ఎక్కించీ. ఊరు దాటి పోద్ది," అంది. అత్తగారు నవ్వింది. అప్ప మొగుడు, మా బావ, పేపరు తిప్పాడు.

అప్ప సరేనంది.

ఖనిజం ఎర్రదుమ్ముకు కిరండూల్లో తెల్లని వస్తువు తెల్లగా నిలవదు. కిటికీలకు తడి దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి పని చేశాం. వెన్న ఆ వేడికి నిలవదని అప్ప డాల్డాలో చక్కెర పొడి గిలక్కొట్టింది. అంతస్తులు కుంగకుండా లోపల వెదురు పుల్లలు గుచ్చింది. జీడిపప్పు, చక్కెర నూరిన ముద్దతో వ్యాగన్లు చేసి, వాటిలో ఖనిజానికి బదులు కోకో కలిపిన కేకు పొడి నింపింది. పుల్లతో పేర్లు రాసింది. మధ్యాహ్నానికి కొండ మెట్లుమెట్లుగా తేలింది. మా అప్ప చేతిపని అంత బాగుంటుందని నాకు అంతవరకు తెలియదు.

చివర్న ఇంకో వ్యాగన్ చేసింది. మిగతావాటికన్నా చిన్నది. పేరు రాయలేదు, పొడి నింపలేదు. బండిని మధ్యలో విడదీసి దాన్ని అక్కడ కలిపింది. అది ఎవరిదో నేను అడగలేదు.

సాయంత్రం జనం నిండారు. మామగారు చేతులు వెనక్కి కట్టుకుని కేకు చుట్టూ తిరిగాడు. జీవితమంతా బండి కదిలేముందు చేసిన పనే అది. బండి చివర గార్డు ఉండే బ్రేక్ వ్యాన్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో వ్యాగన్ చూస్తూ మధ్యలో ఆగాడు.

"లోడు బండిలో ఖాళీది ఎవులు కలిపేరు? నేను జెండా ఊపను."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. అప్ప మొహం చూశాక నవ్వు ఆపేశాడు గానీ అప్పటికే అత్తగారు దగ్గరికి వచ్చి చూసింది. ప్రార్థన అయ్యేదాకా ఆగింది. పాస్టరుగారు పేర్లు చదువుకుంటూ వచ్చి, ఖాళీ వ్యాగన్ దగ్గర కాస్త తడబడి, తర్వాతి పేరుకు వెళ్ళిపోయాడు.

కేకు కోశాక అత్తగారు మొగుడికి తినిపించింది, కొడుకులకు తినిపించింది. తర్వాత అప్పను పిలిచి, ఆ చిన్న వ్యాగన్ ఊడబెరికింది.

"నీదే కదా. నువ్వే తిను."

నోట్లో పెట్టి వేలితో లోపలికి తోసింది. జనం చప్పట్లు కొట్టారు. చాలామందికి ఏమీ తెలియదు. బావకు తెలుసు. అతను కెమెరా ఎత్తి, ఇటు చూడమన్నాడు.

జీడిపప్పు ముద్ద త్వరగా నలగదు. అప్ప నమిలింది. మొత్తం మింగింది. తినిపించినవాళ్ళకు తిరిగి తినిపించడం మర్యాద కాబట్టి, అత్తగారు ఫోటో కోసం అప్పటికే నోరు తెరిచి నిలబడింది. కోసిన ముక్కలు పళ్ళెంలో ఉన్నాయి. అప్ప వాటిని దాటి చెయ్యి చాపి, ఇంజను వెనక మొదటి వ్యాగన్ తీసింది. అది పెద్ద మనవడిది. అత్తగారు తన ప్రాణమని చెప్పుకునే పిల్లవాడు.

"ఇది పేరున్నదే అత్తమ్మా," అంది.

బొటనవేలితో నొక్కి పెట్టింది. పేరులో చివరి అక్షరం కూడా పెదాల లోపలికి వెళ్ళేదాకా చెయ్యి తీయలేదు. పాస్టరుగారు ఎదురుగా ఉన్నాడు కాబట్టి అత్తగారు ఉమ్మలేకపోయింది. బుగ్గలు నింపుకుని, కళ్ళు పెద్దవి చేసి నిలబడింది. తన వ్యాగన్ నానమ్మ తినేసిందని పిల్లవాడు నేల మీద పడి ఏడ్చాడు. కాసేపటికి ఆమె గొంతు కదిలింది.

మర్నాడు స్టేషన్లో బండి కోసం నిలబడి, ఎందుకు చేశావని అప్పను అడిగాను. పిల్లవాడు ఏం చేశాడని కూడా అడిగాను.

"ఆడేటీ సెయ్యలేదు," అంది. "నా పిల్లేటి సేసింది?"

వానలు మొదలవగానే పిల్లవాడికి మలేరియా వచ్చింది. ఆ ఏడు ఆ వరస క్వార్టర్లలో మలేరియా రాని ఇల్లు లేదు. అప్పకూ వచ్చింది. పిల్లవాడు కోలుకుని మళ్ళీ పట్టాల పక్కన ఆడుకున్నాడు. కానీ పేరు తినిపించి వాడి మీదకు జబ్బు తెచ్చిందని ఆ ఇంట్లో అప్ప గ్లాసు, కంచం విడిగా పెట్టారు. ఆ తర్వాత పుట్టిన ఏ బిడ్డనూ, ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ, ఆమె చేతికి ఇవ్వలేదు.