అమ్రాబాద్ ఘాట్ మీద ఐదు గేర్లు

1991 జూన్‌లో నన్ను నల్లగొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఐ.టి.ఐ.కి మోటర్ మెకానిక్ ట్రేడు అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్‌గా బదిలీ చేశారు. హోదా పేరు చాంతాడంత ఉంది గాని చేసేది ఇన్‌స్ట్రక్టర్ పనే. పొద్దున థియరీ, తర్వాత వర్క్‌షాపు, సాయంత్రానికి గోళ్లనిండా గ్రీజు. మా నాయిన కూలి చేసి బతికినవాడు. మా చర్చికి వచ్చే కుటుంబాలలో సర్కారు జీతం అందుకున్న మొదటివాణ్ని నేనే. స్టాఫ్ రూములో నన్ను "కోటా సారు" అనేవారు, అదీ నా చెవిన పడేటట్టుగా. నేను బిగించిన బండి ఏదైనా రిపేరుకు తిరిగొచ్చిందేమో చూపించండి అనేవాణ్ని. ఒక్కడూ చూపించలేదు.

ఆ చలికాలంలో హుజూర్‌నగర్ రైసుమిల్లు యజమాని కొడుకు రవీందర్ ఒక పాత కారును మా వర్క్‌షాపులో దించాడు. ఇటలీ నమూనాతో మన దేశంలోనే తయారైన చిన్న కారు అది. పదకొండు వందల సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేరు రాడ్డు. దాన్ని స్పోర్ట్స్ కారులాగా ఉరికించాలని అతని ముచ్చట. సామానంతా అతనిది, పని మా ట్రైనీలది. అతని తండ్రి మా సంస్థ సలహా సంఘంలో సభ్యుడు కావడంతో ప్రిన్సిపాల్ రెండో మాట లేకుండా ఒప్పుకున్నారు. ఏ ఇంజను, ఏ గేరుబాక్సు వేయాలో తేల్చి నోట్ పెట్టమని ఫైలు నాకు పంపారు.

నిజానికి ఫైలు నా బల్ల మీదికి రాకముందే అందరూ తేల్చేసుకున్నారు. హైదరాబాద్‌లో ఉండే రవీందర్ బావ శ్రీకాంత్ దగ్గర అచ్చం ఇదే మోడల్ కారు ఉంది. వేలంలో కొన్న ఒక విదేశీ కారులోంచి మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనునూ, దాని మూడు గేర్ల బాక్సునూ తీసి అందులో వేయించుకున్నాడు. రవీందర్ కారుకూ అలాంటిదే వేయాలన్నాడు. ఆ బండి తెచ్చి బానెట్ ఎత్తి చూపిస్తే మా ట్రైనీలు నోళ్లు తెరిచారు.

"ఇంజన్ గింత పెద్దగుంటె గేర్లతోటి ఏం పని సార్? మా బావ బండి ఒక్కసారి టాప్‌ల వడ్డదంటె మళ్ల రాడ్ ముట్టేదే లేదు" అన్నాడు రవీందర్.

నేను వాదన పెట్టుకోలేదు. ఆ బండిని స్టాండ్ల మీదికి ఎత్తించాను. గేర్ల లెక్క తీయడానికి మాకొక పద్ధతి ఉంది. వెనక చక్రాలు రెండూ గాలిలోకి లేపి, టైరు మీద సుద్దతో గీత గీస్తాం. గేరు వేసి, ముందునుంచి హ్యాండిల్‌తో ఇంజనును చేత్తో తిప్పుతాం. చక్రం ఒక్క చుట్టు తిరిగే లోపల ఇంజను ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడతాం. ఒక్క చక్రమే లేపితే, రెండు చక్రాలకూ తిప్పుడు పంచే డిఫరెన్షియల్ పుణ్యమా అని ఆ చక్రం రెట్టింపు తిరిగి, లెక్క సగానికి పడిపోతుంది. కొత్త ట్రైనీలు ముందు చేసే తప్పు అదే. ఇంజను చుట్లు ఎక్కువైతే లాగే బలం ఎక్కువ, వేగం తక్కువ.

శ్రీకాంత్ బండికి మొదటి గేరులో పదకొండున్నర చుట్లు వచ్చాయి. రెండో గేరులో ఆరున్నర. మధ్యలో ఏమీ లేదు, దిగుడుబావిలో ఒక మెట్టు ఊడినట్టు. పైగా ఆ పాత బాక్సులో మొదటి గేరుకు సింక్రో లేదు. సింక్రో అంటే తిరుగుతున్న గేరు పళ్ల వేగాన్ని ఒకటి చేసే ఇత్తడి రింగు. అది లేకపోతే బండి పరుగులో ఉండగా ఆ గేరు పడదు, గరగరమని అరుస్తుంది. లారీ డ్రైవర్లు రెండుసార్లు క్లచ్ తొక్కి పడేస్తారు. షోకు కోసం కారు నడిపేవాళ్లకు ఆ విద్య రాదు.

హైదరాబాద్ పాత ఇనుము బజారులో జపాన్ నుంచి దిగిన పదహారు వందల సీసీ ఇంజను ఒకటి చూసి వచ్చాను. దాంతోపాటే ఐదు గేర్ల బాక్సు, రాడ్డు ఫ్లోరు మీద. రెండో గేరుకు ఎనిమిది చుట్లు, మూడో గేరుకు ఆరుకు కొంచెం తక్కువ, అన్నింటికీ సింక్రో. ఆరు సిలిండర్ల దానికంటే బాగా తేలిక, బండి మూతి బరువెక్కదు. అదే వేయాలని నోట్ పెట్టాను.

ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచారు. కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, మాట మెత్తన. "ఏమండీ సామ్యేల్ గారూ, బండి వాళ్లది, సరదా వాళ్లది. మధ్యలో మనకెందుకండీ ఈ పట్టుదల?" అన్నారు.

"బిగించేది మనం సార్. రేపు ఎక్కడన్న గుద్దితె మన పేరే జెప్తరు" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసర్ ప్రమోషన్ జాబితాలో ఆ ఏడు నా పేరుందనీ, ఆలోచించుకోమనీ అన్నారు. అయినా కాదంటే, మొత్తం బాధ్యత నాదేనని ఫైల్లో రాయమన్నారు. నాకు ఒళ్లు మండింది. అక్కడే నిలబడి రాసి, కింద రెండు గీతలు కొట్టాను. ఇంకో వాక్యం కూడా చేర్చాను: రెండు బండ్లనూ నల్లమలలో మన్ననూరు నుంచి అమ్రాబాద్ ఘాట్ రోడ్డు ఎక్కించి, దించి పరీక్షించాలి.

పరీక్షలో ఓడితే మళ్లీ మార్చాలన్న షరతు మీద రవీందర్ ఒప్పుకున్నాడు. పనికి రెండు నెలలు పట్టింది. ఇంజను కూర్చునే ఫౌండేషన్లు కొత్తగా కట్టాం. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్టును కోసి పొట్టి చేశాం. ఇంజను నంబరు మార్పుకు రవాణా ఆఫీసులో దరఖాస్తు పెట్టి ఆర్.సి. పుస్తకంలో ఎక్కించాం. నడపడానికి మా వర్క్‌షాపు అటెండర్ ఖాజాను ఎంచుకున్నాను. ఉద్యోగంలోకి రాకముందు పదేళ్లు లారీ తోలినవాడు.

ఒక ఆదివారం పొద్దున రెండు బండ్లూ మన్ననూరు దగ్గర నిలబడ్డాయి. శ్రీకాంత్ పక్కన రవీందర్ కూర్చున్నాడు, ఖాజా పక్కన నేను. ప్రిన్సిపాల్ ముందే జీపులో పైకి వెళ్లారు. ఎక్కుడులో వాళ్లే గెలిచారు. దాచడానికేముంది, మూడు లీటర్ల ఇంజను ముందు మాది ఎక్కడ ఆగుతుంది? మేము పైకి చేరేసరికి వాళ్లు దిగి సిగరెట్లు ముట్టించుకున్నారు.

"అయిపాయె గద సార్! ఇగ మా బావ జెప్పిన ఇంజనే ఎక్కియ్యుండ్రి" అన్నాడు రవీందర్ నవ్వుతూ. ప్రిన్సిపాల్ కూడా నవ్వారు, ఫలితం తేలిపోయిందని అన్నారు.

"ఫైల్ల దిగాలె అని గూడ ఉన్నది సార్" అన్నాను.

"దిగుడు ఏమున్నది? న్యూట్రల్ గొడితె బండే దిగుతది" అన్నాడు శ్రీకాంత్. మా వైపు డ్రైవర్లందరికీ ఉన్న అలవాటే అది. డీజిల్ మిగులుతుందని దిగుడు వస్తే న్యూట్రల్ కొట్టేస్తారు. న్యూట్రల్ వద్దని గట్టిగా చెప్పాను. సరేనని రెండో గేరు వేసుకుని ముందు బయలుదేరాడు. మేము రెండో గేరులోనే, వంద గజాలు వెనకగా.

మూడో మలుపు దాటేసరికి బ్రేకు లైనింగు కాలిన వాసన వచ్చింది. ఆ బండిని ఆరున్నర చుట్ల గేరు పట్టలేకపోతోంది, బరువంతా బ్రేకుల మీద పడింది. బండి వేగం పెరిగింది. అంతలో గరగర చప్పుడు. శ్రీకాంత్ మొదటి గేరు వేయబోయాడు, అది పడలేదు. రెండోదీ చేజారింది.

"యా అల్లా! న్యూట్రల్‌ల వడ్డడు సార్!" అని అరిచాడు ఖాజా.

ఎడమ పక్క లోయ. రవీందర్ తండ్రి ముఖం నా కళ్ల ముందు మెదిలింది. శ్రీకాంత్‌కు ఆ క్షణంలో బుద్ధి పనిచేసింది. స్టీరింగు కుడికి కోసి కొండ వైపు మట్టి కాలువలోకి దూకించాడు. బండి ఒక పక్కకు ఒరిగి ఆగింది. ఖాజా బ్రేకు మీద కాలు ఆనించి, రెండో గేరులోనే మా బండిని వాళ్ల వెనక నిలిపాడు.

ఇద్దరూ బయటికి వచ్చారు. రవీందర్ నుదురు బొప్పి కట్టింది, అంతకుమించి దెబ్బ లేదు. శ్రీకాంత్ బ్రేకులు బాగాలేవని గొణిగాడు. నేను రవీందర్ చెయ్యి పట్టుకుని మా బండి చక్రం మీద ఆనించాను. గోరువెచ్చగా ఉంది. తర్వాత వాళ్ల చక్రం ముట్టుకోమన్నాను. వేలు తగలగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"మీదే ఉండనియ్యుండ్రి సార్" అన్నాడు.

ఆ కారు తర్వాత ఎనిమిదేళ్లు అతని దగ్గరే ఉంది, గేరుబాక్సు విప్పే అవసరం రాలేదు. నాకు మాత్రం మూడు నెలలకు ఒక మెమో వచ్చింది. ఏటా పై అధికారి రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో చెడు వ్యాఖ్య ఉంటే ఉద్యోగికి తెలపాలి, అతను నెల లోపల అప్పీలు చేసుకోవచ్చు. ప్రిన్సిపాల్ నా మీద రాసింది ఇది: "పై అధికారుల సలహా పాటించడు. ఘాట్ దిగాలని పట్టుబట్టి ప్రమాదానికి కారకుడయ్యాడు."

కాళ్లో వేళ్లో పట్టుకుని తీయించుకోమని స్టాఫ్ రూములో అందరూ చెప్పారు. ఖాజా సాక్ష్యం చెప్తానన్నాడు. వద్దన్నాను, వాడి కొలువుకు కూడా ఎసరు వస్తుంది. నేను తెల్ల కాగితం మీద రెండు వాక్యాలు రాసి ఇచ్చాను. మొదటి వ్యాఖ్య నిజమే, దాన్ని తొలగించనక్కర లేదు. రెండోదానికి కారణం గేరుబాక్సు, నేను కాదు, కావాలంటే దాన్ని విప్పి చూపిస్తాను.

ఎవరూ విప్పి చూపించమని అడగలేదు. వ్యాఖ్య అలాగే ఉండిపోయింది. ప్రమోషన్ రెండేళ్లు ఆలస్యమైంది, నాకంటే చిన్నవాడి కింద ఆ రెండేళ్లూ పనిచేశాను. కారుకు ఇంజను ఎంచేటప్పుడు అది ఎంత ఎక్కగలదో అందరూ అడుగుతారు. గేరుబాక్సు ఎంచేవాడు అది ఎలా దిగుతుందో అడగాలి. అలా అడిగినవాణ్ని ఆఫీసులో మొండివాడంటారు. అననీ. ఆ ఫైలు ఇవాళ నా ముందు పెట్టినా అదే నోట్ రాస్తాను.