స్తంభానికి తగిలిన బంతి

మొన్న సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున్నే బహ్రెయిన్‌లోని సనాబిస్‌లో ఒక మలయాళీ కెఫెటీరియాలో కరక్ చాయ్ తాగుతూ కూర్చున్నాం, నేనూ మా ఆవిడా. బయట అప్పటికే ఉక్క మొదలైంది. లోపల టీవీలో ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఫైనల్ వస్తోంది. కోలగా ఉండే బంతి, కోలగా ఉండే మైదానం, రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్యనుంచి బంతిని తంతే ఆరు పాయింట్లు, పక్క సందులోంచి పోతే ఒక్కటే. స్తంభాల దగ్గర నిలబడ్డ గోల్ అంపైరు ఒక వేలు చూపించి జెండా ఊపాడు. నాకు నవ్వాగలేదు. “మళ్ళీ బావగారు గుర్తొచ్చారా?” అంది మా ఆవిడ, గ్లాసు దించకుండానే.

బావగారంటే మా పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య. మామీర్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో మేనేజరు. నన్ను బహ్రెయిన్ రప్పించింది ఆయనే. ఆ మాట నేనెన్నడూ కాదనలేదు. కాదనే సందు ఆయన ఇస్తేగా! ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా, సాంబారు వడ్డించేలోపు, “మావాడే, నేనే తెప్పించాను” అనేవాడు, బజారునుంచి మిక్సీ తెప్పించినట్టు. దాన్నయినా భరించాను. నేను ఆయన కంపెనీలోనే చేరి ఏడాది తిరక్కముందే మరో కంపెనీలో డిజైన్ ఉద్యోగం వచ్చింది. నేను చదివింది ఆ పనికే; ఇక్కడ చేస్తున్నది సామాన్ల లెక్కలు. మారాలంటే మా కంపెనీ ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెట్టాల్సిన చెయ్యి అన్నయ్యదే. ఆఫీసులో నలుగురి ముందు అడగాల్సి వచ్చింది.

“నువ్వెళ్ళిపోతే నా పరువేంగావాలిరా? ఇంకా మాటల్లేవు, నిర్ణయం అయిపోయింది. ఖలాస్” అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆ ఉద్యోగం వేరేవాళ్ళకు పోయింది. ఆ రోజునుంచి ఆయన పడితే చూడాలన్న కోరిక నాలో పీటవేసుకుని కూర్చుంది.

అన్నయ్యకు ఆస్ట్రేలియా ఆట మీద మోజు పుట్టింది ఆట కోసం కాదు, ఆడే దొరల కోసం. మా కంపెనీ పెద్దాయన ఆస్ట్రేలియావాడు. చలికాలం శుక్రవారాల్లో రగ్బీవాళ్ళ మైదానం అద్దెకు తీసుకుని, నాలుగు జట్లను ఆడించేవాడు. మైదానమేమో దీర్ఘచతురస్రం. దాన్ని సున్నం గీతలతో ఎలాగో కోలగా చేసేవారు. అన్నయ్య నలభై దాటాక పొట్ట లోపలికి లాక్కుని ఒక జట్టులో చేరాడు. నిజం చెప్పాలి, ఎగిరి బంతి పట్టడంలో మొనగాడు. స్తంభాల దగ్గర ఎండలో నిలబడడానికి ఎవరూ రాకపోతే పెద్దాయన నన్ను గోల్ అంపైరుని చేశాడు. తెల్ల కోటు, తెల్ల టోపీ ఇచ్చారు. అన్నయ్య జట్టువాళ్ళు నన్ను ‘కాంపౌండరు’ అని పిలిచేవారు. ఆ పేరు పెట్టిందెవరో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఏడు వాళ్ళ జట్టు పట్టికలో మొదటిది. నాకౌట్ మొదలవగానే రెండో జట్టు చేతిలో చిత్తుగా ఓడింది. వాళ్ళ పని అయిపోయిందనుకుని నేను ఇంటికి పరిగెత్తి మా ఆవిడను సేమ్యా పాయసం చేయమన్నాను. మర్నాడు ఆఫీసులో పెద్దాయన నా పాయసం మీద నీళ్ళు పోశాడు. మొదటి రెండు స్థానాలవాళ్ళు ముందు తలపడతారట. గెలిచినవాళ్ళు తిన్నగా ఫైనల్‌కు. ఓడినవాళ్ళు ఇంటికి పోరు, మూడు, నాలుగు స్థానాల జట్లలో నెగ్గినదానితో మళ్ళీ ఆడతారు. ఆ కింది రెండు జట్లకు మాత్రం ఒక్క ఓటమితో సరి. సీజనంతా కష్టపడి పైన నిలిచినందుకు అదో బహుమానమట. న్యాయమే. కానీ నాకు ఒక్క అవకాశం దక్కనివ్వనివాడికి రెండోది దొరకడం నా గొంతు దిగలేదు. తర్వాతి శుక్రవారం వాళ్ళు గెలిచారు. ఫైనల్‌కొచ్చారు.

ఫైనల్లో మొదట ఓడించిన జట్టే మళ్ళీ ఎదురైంది. చివరికి అన్నయ్యవాళ్ళు మూడు పాయింట్లు వెనకబడ్డారు. ఆట ముగిసే కూత మోగే క్షణంలో అన్నయ్య గాల్లోకి లేచి బంతి పట్టాడు. అలా పట్టుకుంటే కూత మోగినా తన్నే హక్కుంటుంది. తన్నాడు. బంతి నా వైపే వచ్చింది. ఎడమ స్తంభం లోపలి అంచుకు ‘టక్’మని రాసుకుని లోపలికి పోయింది. స్తంభానికి తగిలితే ఆరు కాదు, ఒకటే.

నేను ఒక వేలు చూపించాను. ఒక్క జెండా ఊపాను.

“గుడ్డివాడివట్రా?” అంటూ అన్నయ్య మీదికొచ్చాడు.

“తగిలిందన్నయ్యా.”

“ఎవడు చూశాడు?”

“నేను. అంపైర్ని నేనే.”

ఆయన గొంతు తగ్గింది. “ఒరేయ్, ఇంకోసారి ఆలోచించరా. దొరలందరూ చూస్తున్నారు.”

“నిర్ణయం అయిపోయిందన్నయ్యా. ఖలాస్.”

పెద్దాయన వచ్చి నా మొహంలోకి చూసి, నిజమేనా అని అడిగాడు. నిజమేనన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు అంత తీపి ఉంటుందని నాకు అంతకుముందు తెలీదు. సాయంత్రం వదిన ఫోను చేసి, “పగ తీర్చుకున్నావటగా మరిదీ?” అంది. బంతి తగిలిందని ఒట్టేశాను. ఒక్కరూ నమ్మలేదు. మా ఆవిడ కూడా నా కళ్ళలోకి చూడకుండా అన్నం వడ్డించింది.

ఉద్యోగంలో ఏడాది నిండితే ఆ సంతకం అక్కర్లేదు; నిండగానే నేను వేరే కంపెనీకి మారాను. తర్వాత కొన్నాళ్ళకు అన్నయ్య మస్కట్ బదిలీ అయ్యాడు. వెళ్ళే ముందు ఈసా టౌన్‌లో మా ఇంటికి భోజనానికొచ్చాడు. ఈసారి ‘నేనే తెప్పించాను’ అనలేదు. చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే అడిగాడు: “ఇప్పుడైనా చెప్పరా. తగిలిందా?”

అవునని ఒక్కమాటంటే ఆయన మనసు కుదుటపడేది. ఆ టక్‌మన్న చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. తువ్వాలు అందించి, “నువ్వేమనుకుంటే అదే అన్నయ్యా” అన్నాను. మస్కట్‌లో ఆయనకు దేనికీ లోటు లేదట. కానీ మాటల మధ్యలో హఠాత్తుగా ఆగిపోయి, ఆ బంతి గురించే ఆలోచిస్తుంటాడని వదిన చెబుతుంది.

కాలం పగలను చల్లారుస్తుందంటారు. నాకు మాత్రం అది ఆవకాయ జాడీలాగే కనిపిస్తుంది. పాతబడేకొద్దీ ఘాటు తగ్గుతుంది గాని, రుచి పెరుగుతూనే ఉంటుంది.