లేని తొట్టి చుట్టూ

కరువు ముదిరిన ఎండాకాలంలో నిడుగల్లు కొండ మీద నీళ్ళు ఒక వరుసలో ఎండిపోతాయి. మొదట కోట గోడల పక్కనున్న గుంటలు, తర్వాత బండల నడుమ ఉండే లోతైన దొనలు, చివరికి ఎండ తగలని సందుల్లోని చెమ్మ. కొండ కింద ఊళ్ళో ఉన్న మేము పైకెక్కి చూడాల్సిన పని లేదు. మా ఇంటికి ఏవేవి వస్తున్నాయో చూస్తే చాలు, కొండ మీద ఏది ఎండిందో తెలిసిపోతుంది. గుంటలు ఎండితే కోతులు మిద్దె మీదికి దిగి, ఆరబోసిన వేరుశనగ కాయలను వలుచుకుని తినేవి. దొనలు ఎండితే ఉడుతలూ గువ్వలూ కడవల అంచుల మీద వాలేవి. కోతులకు వడిసెల, ఉడుతలకు కడవల మీద మూకుళ్ళు, ఏడాది పొడవునా ఉండే పందికొక్కులకు ఇనుప బోను, ఇలా ప్రతిదానికీ మా ఇంట్లో ఒక ఏర్పాటు ఉండేది. ఒక ఏడు సందుల్లోని చెమ్మ కూడా ఆరిపోయింది. అప్పుడు వచ్చినవాటికి మాత్రం మా దగ్గర ఏ ఏర్పాటూ లేదు. అవి తేనెటీగలు.

తుమకూరులో పాలిటెక్నిక్ చదువు ముగించి, మెకానికల్ డిప్లొమా పట్టుకుని, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ నేను ఇంట్లోనే ఉన్న కాలం అది. ఏ చిక్కునైనా భాగాలుగా విడదీసి చూడటం అప్పటికే నాకు అలవాటైపోయింది. మా వాకిలిని కూడా అలాగే చూసేవాణ్ణి. ఒక పక్క మట్టిమిద్దె ఇల్లు, దానికి ఎదురుగా ఎద్దుల కొట్టం, రెంటికీ నడుమ, బయటికి పోయే దారిలో, ఒకే బండను తొలిచి చేసిన కుడితి తొట్టి. మోకాలెత్తు ఉండేది. కడుగునీళ్ళు, నానబెట్టిన వేరుశనగ చెక్క, ఎండాకాలంలో అయితే ఒక పిడికెడు ఉప్పు కలిపి అమ్మ అందులో పోసేది. ఎద్దులు ఎంత ఎండకైనా ఆ ఉప్పు కుడితి తాగితే వాడిపోవని ఆమె నమ్మకం.

ఈ ఈగలు చెట్ల తొర్రల్లో కాపురముండే చిన్న రకం కావు. కొండ చరియలకు జల్లెళ్ళంత పట్టులు వేలాడదీసే పెద్ద రకం. మొదట అక్కడక్కడా వాలాయి. తర్వాత తొట్టి అంచు కనబడకుండా కప్పేశాయి. తల కిందికి పెట్టి, వెనక భాగం ఊపుతూ, ఒకదానికొకటి ఆనుకుని తాగేవి. తాగినవి బరువుగా లేచి, ఒక చుట్టు తిరిగి, తిన్నగా కొండ వైపు పోయేవి. మమ్మల్ని పట్టించుకునేవి కావు. మేము తగలకుండా ఉన్నంతవరకు వాటికి మాతో పని లేదు.

కాని ఎద్దు ముట్టె పెట్టకుండా ఎలా తాగుతుంది? కాడికి ఎడమ పక్క కట్టే దాపటెద్దు ఒక మధ్యాహ్నం ఎప్పటిలాగే వచ్చి తొట్టిలో మూతి ముంచింది. ముక్కు మీద, పెదవి మీద, నాలుక మీద కుట్టాయి. అది పలుపు తెంపుకుని కొట్టం గోడను గుద్దుకుంది. ముట్టె ఉబ్బి, తర్వాత వాపు తగ్గింది. కాని ఎద్దు తొట్టి దగ్గరికి రావడం మానేసింది. ఈగలు లేని చీకటి వేళ తీసుకొచ్చినా కాళ్ళు బిగబట్టుకుని నిలబడేది. బకెట్‌తో కొట్టంలోకి నీళ్ళు తీసుకుపోతే రెండు గుక్కలు తాగి, ఎక్కడో ఒక ఈగ చప్పుడు వినబడగానే తల విదిలించి బకెట్ తన్నేసేది.

"ముట్టె వాపు దిగినాది గదా, ఇంగ యాల తాగతా లేదు?" అని అమ్మ అడిగింది.

"ముట్టె బాగనే ఉండాది. మనసే చెడినాది దానికి," అన్నాడు నాయన.

నాయన భయమేమిటో ఇంట్లో అందరికీ తెలుసు. మాది వాన మీద ఆధారపడిన వేరుశనగ భూమి. మంచి వాన ఒకటి పడితే, నేలలో ఆ పదును ఆరిపోకముందే విత్తేయాలి. విత్తే గొర్రు లాగడానికి జత ఎద్దులు కావాలి. ఊరంతా ఒకేసారి విత్తుతుంది కాబట్టి ఆ రోజు ఎవరూ ఎవరికీ ఎద్దును ఇవ్వలేరు. అప్పటికే దాపటెద్దు డొక్కలు లోపలికి పోయాయి. కాయలు తీసేసిన వేరుశనగ చెట్ల ఎండు కట్టె మేస్తోంది గాని నెమరు వేయడం తగ్గింది. పేడ గులకరాళ్ళలా పడుతోంది. సాయంత్రాల్లో పడమట మబ్బులు లేవడం మొదలైంది. ఊళ్ళో అందరూ ఆ మబ్బులను చూసి సంతోషపడేవాళ్ళు. నాయన మబ్బును చూసి, వెంటనే తిరిగి కొట్టం వైపు చూసేవాడు.

మా పక్కింటాయన అమ్మకు వరసకు అన్న. నన్ను ఆటపట్టించకుండా ఆయనకు పొద్దు గడిచేది కాదు.

"ఏందప్పా అల్లుడా, తుమకూరులో ఈగల పాఠం చెప్పలేదా?"

"లేదు మామా. పంపుల గురించి చెప్పినారు."

"ఈడ సేన్ల పంపుల్లో నీళ్ళు లేవు, ఉండే నీళ్ళకు ఈగలు వదల్లేదు. బాగ చదివినావు పో!" అని నవ్వి, అమ్మ వైపు తిరిగాడు. "సేన్లో పురుక్కి చల్లే పొడి ఉండాది గదమ్మా. గుప్పెడు తొట్టిలో ఎయ్యి. రేపటికి ఒక్కటుండదు."

"ఎద్దులు గూడా ఒక్కటుండవన్నా," అంది అమ్మ.

"అయితే మూకుట్లో కలిపి పక్కన పెట్టు."

అంతవరకు పలుపు పేనుతున్న నాయన తలెత్తాడు. "వద్దు బావా. ఆ నీళ్ళు మోసకపోయి పట్టులో పోస్తాయి. పిల్లలతో సహా అంతా సస్తాది. దప్పికకు వచ్చినాయి, దొంగతనానికి రాలేదు గదా."

పొడి మాట అక్కడితో ఆగింది. వేపాకు పొగ పెట్టి చూశాం. ఈగలు పైకి లేచి, పొగ ఆరేదాకా గాలిలో ఆగి, మళ్ళీ దిగాయి. పొగకు దగ్గింది మాత్రం ఎద్దులే. పాత తలుపు చెక్కతో నేను తొట్టికి మూత చేశాను. బండ అంచు సమంగా లేదు, మూతకూ బండకూ మధ్య ఉన్న సందుల్లోంచి ఈగలు లోపలికి పాకాయి. మూత తీయబోయిన నాకు మణికట్టు మీద ఒక పోటు తగిలింది. ఆ చెయ్యి ఉబ్బి అన్నం ముద్ద పట్టుకోవడానికి కూడా రాలేదు. ఎద్దు నాలుక మీద అది ఎలా ఉండి ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది.

ఇక నాకు మిగిలిన ఆలోచన తొట్టినే జరిపేయడం. వాకిలికి అవతల, కొట్టం వెనక, ఎద్దులు మేసే వేరుశనగ కట్టె వామి ఉంది. తొట్టిని ఆ వామి చాటున పెడితే ఈగల కంటికి కనబడదు, ఎద్దులు వెనక పక్కనుంచి వచ్చి తాగొచ్చు. ఇదీ నా లెక్క. చీకటి పడి ఈగలు కొండకు పోయాక నాయన, మామ, నేను తొట్టిని ఖాళీ చేసి, ఇనుప గడారులతో లేపి, దాని కింద గుండ్రటి కొయ్యలు వేసి దొర్లించుకుంటూ పోయాం. మామ అడుగడుక్కీ తొట్టిని చేయించిన మా తాతను తిట్టాడు. "కూలివాళ్ళను పెట్టి చేయించినాడు గదా, వాళ్ళనే మోయమంటే ఇంత బరువు చేద్దురా?"

మరుసటి ఉదయం ఎండ వాకిట్లోకి వచ్చేటప్పటికి నేను గడప మీద కూర్చుని ఉన్నాను. కొండ వైపు నుంచి ఈగలు వచ్చాయి. అవి ఎక్కడికి పోతాయో చూద్దామని కూర్చున్నాను. ఎక్కడికీ పోలేదు. తిన్నగా పాత చోటికే వచ్చి ఆగాయి.

నేల మీద కాదు, గాలిలో. తొట్టి అంచు ఏ ఎత్తులో ఉండేదో సరిగ్గా ఆ ఎత్తులో, మోకాలి దగ్గర, రెక్కలాడిస్తూ నిలబడ్డాయి. ముందు వచ్చినవాటి పక్కన వెనక వచ్చినవి చేరాయి. పొడుగు పక్క పొడుగ్గా, కురచ పక్క కురచగా, మూలల దగ్గర మలుపు తిరిగి, నాలుగు పక్కలా వరుస కట్టాయి. నడుమ ఖాళీ. తొట్టి లేదు, కాని తొట్టి ఆకారం నా కళ్ళ ముందు గాలిలో వేలాడుతోంది. పాలిటెక్నిక్‌లో డ్రాయింగు బల్ల మీద వస్తువును తీసేసి దాని గీతలను మాత్రం మిగిల్చేవాళ్ళం. దానికి మాకు స్కేలు, కాగితం, పెన్సిలు, మాస్టారు కావాల్సి వచ్చేవి. వీటికి ఏవీ అక్కర్లేకపోయాయి.

కడవ చంకన పెట్టుకుని వచ్చిన అమ్మ నా వెనక ఆగింది.

"ఏం సూస్తాండావు?"

"తొట్టి."

"యాడ?"

"ఆడ."

ఆమె చూసింది. కడవ దించి నా పక్కన కూర్చుంది. కొంతసేపటికి మామ గోడ పైనుంచి తొంగిచూశాడు. తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. "అబ్బ! ఎంత గురుతప్పా వాటికి," అని మాత్రం అన్నాడు.

ఎండెక్కేకొద్దీ ఆ వరుస చెదిరింది. ఈగలు ఖాళీ నేల మీద వాలి, దులుపుకుని లేచి, చుట్లు పెద్దవి చేసుకుంటూ వెతికాయి. మధ్యాహ్నానికి వామి వెనకున్న తొట్టి దొరికింది. నాయన దాపటెద్దును ఆ పక్కకు తోలుకొచ్చే వేళకు అక్కడా అదే ఈగల మూలుగు. ఎద్దు చెవులు నిక్కించి, వెనక్కి తిరిగింది. నాయన దాన్ని లాగలేదు. కట్టేసి వచ్చి, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఆ సాయంత్రం మబ్బు ఇంకా దగ్గరికి వచ్చింది. ఆయన దాని వైపు తల తిప్పనే లేదు.

నాకు ఒక విషయం అంతుచిక్కలేదు. కొండ నుంచి మా ఇంటికి వచ్చే దారిలోనే ఊరి బోరింగు ఉంది. దాని కింద గుంటలో ఎప్పుడూ కాసిన్ని నీళ్ళుంటాయి. ఒక్క ఈగా అక్కడ వాలదు. దాన్ని దాటి మా ఇంటికే ఎందుకు రావాలి? మా తొట్టిలో ఉండి బోరింగు గుంటలో లేనివి ఏమిటని ఆలోచించాను. కడుగునీళ్ళ పులుపు, చెక్క, ఉప్పు. మరుసటి రోజు పాత చోట కొబ్బరి చిప్పలు వరుసగా పెట్టి, ఒకదానిలో వట్టి నీళ్ళు, ఒకదానిలో కడుగునీళ్ళు, ఒకదానిలో చెక్క నానిన నీళ్ళు, ఒకదానిలో కొద్దిగా ఉప్పు కలిపిన నీళ్ళు పోశాను. ఈగలు అన్నిటినీ తాకి చూశాయి. కాసేపటికి ఉప్పు చిప్ప నల్లగా కప్పుకుపోయింది. చిప్పల చోట్లు మార్చాను. అవి కూడా ఉప్పు వెంటే మారాయి.

అమ్మను పిలిచి చూపించాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "దొంగముండలు! నా చేతి ఉప్పు మరిగినాయి. ఇన్నాళ్ళూ నేనే పిలిచి పెడతాండా అయితే!"

ఆ తర్వాత పని త్వరగా జరిగింది. అమ్మ వామి వెనక తొట్టిని బూడిదతో తోమి, వట్టి బోరింగు నీళ్ళు పోసింది. ఎద్దుల ఉప్పును ఉడికిన ఉలవల్లో కలిపి కొట్టంలోనే పెట్టసాగింది. నేను పాత తొట్టి చోట మూడు కట్టెలను పైన కలిపి కట్టి, అడుగున చిల్లు ఉన్న పాత కుండను వేలాడదీశాను. చిల్లులో గుడ్డ పీలిక దూర్చి, కింద ఏటవాలు బండ మీద గోనెపట్ట పరిచాను. ఉప్పునీళ్ళు బొట్టు బొట్టుగా గోనెలోకి ఇంకుతాయి. ఈగలు మునగవు, నీళ్ళు వృథా కావు.

మామ వచ్చి చూశాడు. "శివునికి ధారపాత్ర కట్టినట్టుండాది. ఈగలకు అభిషేకమా అల్లుడా?"

"మీకే కట్టిద్దామనుకున్నా మామా, మీరు కుదురుగా కూచోరు," అన్నాను. నాయన చాలా రోజుల తర్వాత నవ్వాడు.

తొట్టి వైపు పోయే ఈగలు పలచబడి, చివరికి ఆగిపోయాయి. అన్నీ వాకిలి నడుమ గోనె మీదే. అప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం నాయన దాపటెద్దును కొట్టం వెనకనుంచి తీసుకొచ్చాడు. వాకిట్లోని మూలుగు అక్కడికీ సన్నగా వినబడుతోంది. ఎద్దు ఆగింది. దాని తొడల మీద చర్మం వణికింది.

నాయన పలుపు వదిలేశాడు. తొట్టి పక్కన చేరి, చెయ్యి నీళ్ళలో ముంచి, ఎద్దు ముట్టెకు తడి రాశాడు. తర్వాత ఎద్దులకు నీళ్ళు తాపేటప్పుడు మా వైపు వేసే ఈల మొదలుపెట్టాడు. పెదవుల మధ్య నుంచి గాలి కాస్త కాస్తగా వదులుతూ, ఎత్తూ పల్లమూ లేకుండా, ఆగకుండా సాగే సన్నని ఈల. దూడగా ఉన్నప్పటి నుంచి అది ఆ ఈల విన్నాకే నీళ్ళు తాగింది. ఈల ఒక పక్క, ఈగల మూలుగు ఒక పక్క. ఎద్దు రెండు చెవులనూ వేరువేరుగా తిప్పింది. వామి పక్కన నేను, అమ్మ నిలబడ్డాం. నాయన ఈల ఆపలేదు.

ఎద్దు ఒక అడుగు వేసింది. మెడ చాచింది. ముట్టె నీటిని తాకీ తాకనట్టు ఆనింది, వెనక్కి పోయింది, మళ్ళీ ఆనింది. తర్వాత ముంచింది. గంగడోలు పక్కన గుక్క వెనక గుక్క దిగడం కనబడింది. తొట్టిలో నీటి గీత రాతి మీద తడి వదులుతూ కిందికి జారింది. ఎద్దు తలెత్తి, మూతి నుంచి నీళ్ళు కారుస్తూ నిలబడినా, నాయన ఈల ఇంకా సాగుతూనే ఉంది.

వాన వచ్చేసరికి దాని డొక్కలు నిండాయి. తెల్లవారితే వాకిట్లో ఒక్క ఈగా లేదు. కొండ మీద దొనలు తడిశాయని మాకు అలా తెలిసింది. ఎద్దులకు దారి కోసం నేను కట్టెలు విప్పి, కుండ దించి, బండా గోనే తీసేశాను. నేల చదునుగా, ఖాళీగా ఉంది.

నాయన కాడి కట్టి ఎద్దులను బయటికి తోలాడు. పాత చోటికి రాగానే దాపటెద్దు పక్కకు ఒంపు తిరిగింది. తొట్టి ఎంత మేర ఉండేదో అంత మేరా దాటి, మళ్ళీ దారిలోకి వచ్చింది. కుడి పక్కనున్న వలపటెద్దుకు ఆ భయం లేదు, కాని కాడి ఒకటే కాబట్టి అదీ తిరిగింది. నాయన పగ్గాలు వదులుగా పట్టుకుని వాటి వెనకే ఆ ఒంపు తిరిగాడు. విత్తనాల గంప నెత్తిన పెట్టుకున్న అమ్మ, గొర్రు భుజాన వేసుకున్న నేను, మేమూ అక్కడ లేని తొట్టికి తగలకుండా దాని చుట్టూ తిరిగి చేనికి పోయాం.